ఐదొందల అడుగుల గీత

'టాప్ గన్' చూసినవాళ్లకు ఆ సీన్ గుర్తుండే ఉంటుంది. హీరో కంట్రోల్ టవర్ పక్క నుంచి దూసుకెళ్తానని అడుగుతాడు, వాళ్లు కుదరదంటారు. అయినా వెళ్తాడు. లోపల ఆఫీసర్ చేతిలో కాఫీ ఆయన బట్టల మీద ఒలికిపోతుంది. 1986లో వచ్చిన సినిమా అది. ఇప్పుడు చూసినా నవ్వొస్తుంది. నాకూ వస్తుంది.

దీనికి పైలట్ల భాషలో 'బజింగ్' అని పేరు. తుమ్మెద చెవి పక్క నుంచి జుయ్యిమని పోయినట్టు, మనుషులకో ఇళ్లకో దగ్గరగా, కిందుగా విమానాన్ని పోనివ్వడం. ఇది సినిమా వాళ్లు కనిపెట్టింది కాదు, దాదాపు విమానం వయసే దీనికీ ఉంది. ఎగరడం నేర్చుకున్న ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు సొంతూరి మీదుగానో, లవర్ ఇంటి మీదుగానో ఇలా ఒక రౌండ్ వేసినవాళ్లే.

ఇలాంటివాటిలో బాగా పేరున్నది లండన్ కథ. 1968 ఏప్రిల్ 5న బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ పైలట్ అలన్ పొలాక్ తన హాకర్ హంటర్ జెట్‌ని థేమ్స్ నది మీదుగా తీసుకొచ్చి, టవర్ బ్రిడ్జి రోడ్డుకీ పై నడవాకీ మధ్య ఉన్న సందులోంచి దూర్చేశాడు. ఎయిర్‌ఫోర్స్ పుట్టి యాభై ఏళ్లయితే సర్కారు ఆకాశంలో ఒక వేడుక కూడా పెట్టలేదని ఆయన కోపం. ఎవరికీ ఏమీ కాలేదు. కోర్టు మార్షల్ కూడా జరగలేదు, ఆరోగ్య కారణాలు చూపించి సర్వీసు నుంచి పంపేశారు. జనానికి మాత్రం హీరో అయిపోయాడు. నేటికీ ఆ కథ చెప్పేవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటూనే చెప్తారు.

అయితే ఒక్క నిమిషం. ఆ టైమ్‌కి వంతెన మీద ట్రాఫిక్ నడుస్తోంది. ఆ జనంలో ఒక్కరినైనా 'మీకు ఓకేనా?' అని ఎవరూ అడగలేదు. పొలాక్ చెయ్యి ఒక్క అర సెకను తడబడి ఉంటే, మనం ఈ కథని వేరేలా చెప్పుకునేవాళ్లం.

అలా వేరేలా చెప్పుకోవాల్సి వచ్చిన కథ ఒకటుంది. నా దృష్టిలో పైలట్ అవ్వాలనుకునే ప్రతి ఒక్కరూ, అసలు బండి నడిపే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన కథ.

అందరికీ తెలుసు

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, ఫెయిర్‌చైల్డ్ ఎయిర్‌ఫోర్స్ బేస్. అక్కడ బి-52 బాంబర్లు ఉండేవి. బి-52 అంటే ఎనిమిది ఇంజన్ల భారీ విమానం, రెక్కల కొస నుంచి కొసకి 56 మీటర్లు. దాన్ని నడపడంలో లెఫ్టినెంట్ కల్నల్ బడ్ హాలండ్ అంత మొనగాడు లేడని పేరు. ఐదు వేల గంటలకు పైగా అనుభవం. పైగా ఆయన ఉద్యోగం ఏంటో తెలుసా? మిగతా పైలట్లు రూల్స్ ప్రకారం నడుపుతున్నారో లేదో చూసే విభాగానికి ఆయనే హెడ్!

1991 నుంచి 1994 దాకా హాలండ్ దాదాపు ప్రతి ప్రదర్శనలోనూ రూల్ దాటాడు. పెట్టిన ఎత్తు కంటే కిందుగా వెళ్లడం, ఆ విమానం తట్టుకోగలిగినదానికంటే ఎక్కువగా పక్కకు వంచడం, ముక్కు నిట్టనిలువుగా లేపడం. చూసినవాళ్లు వేలమంది. వాళ్లలో పై ఆఫీసర్లూ ఉన్నారు. ఒకరిద్దరు పిలిచి 'ఇలా చెయ్యకు' అని నోటిమాటగా చెప్పారు. ఆయన సరేనన్నాడు. మళ్లీ చేశాడు. ఆ మూడేళ్లలో పై అధికారులు మారుతూ వచ్చారు. ఏదీ కాగితం మీద లేదు కాబట్టి, కొత్తగా వచ్చిన ప్రతి బాస్‌కీ అది 'మొదటి తప్పు'లాగే కనిపించింది.

1994 మార్చిలో యాకిమా అనే చోట బాంబింగ్ ప్రాక్టీస్. బి-52ని దగ్గరగా షూట్ చేయడానికి ఒక వీడియో టీమ్ కొండ మీద కెమెరాలు పెట్టుకుని కూర్చుంది. అక్కడ నేలకి 500 అడుగుల కంటే కిందికి రాకూడదు. హాలండ్ ఒక కొండ గట్టుని సుమారు 30 అడుగుల ఎత్తులో దాటాడు. అవును, ముప్ఫై. మూడంతస్తుల మేడ కంటే తక్కువ. షూట్ చేస్తున్నవాళ్లు ప్రాణభయంతో కెమెరాలు వదిలేసి తప్పుకున్నారు. తాను కంట్రోల్స్ పట్టుకుని లాగకపోతే విమానం గట్టుకి కొట్టుకునేదని పక్క సీట్లో ఉన్న కో-పైలట్ తర్వాత సాక్ష్యం చెప్పాడు.

ఈసారి ఒక మనిషి ఊరుకోలేదు. స్క్వాడ్రన్ కమాండర్ మార్క్ మెక్‌గీహన్ తన పై అధికారి దగ్గరికి వెళ్లి, 'ఈయన్ని ఎగరనివ్వొద్దు' అని అడిగాడు. ఆ అధికారి హాలండ్‌ని పిలిచి నాలుగు మాటలు మందలించి వదిలేశాడు. అప్పుడు మెక్‌గీహన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. తన స్క్వాడ్రన్ వాళ్లెవరూ హాలండ్ పక్కన కూర్చోరు. కూర్చోవాల్సి వస్తే ఆ సీట్లో తానే కూర్చుంటాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. 1994 జూన్ 24న ఎయిర్ షో రిహార్సల్. హాలండ్ నడుపుతున్నాడు, కో-పైలట్ సీట్లో మెక్‌గీహన్. లోపల ఇంకో ఇద్దరు ఆఫీసర్లు. వాళ్లలో ఒకరికి సర్వీసులో అదే చివరి ఫ్లైట్, కిందకి దిగగానే సంబరం చేద్దామని కుటుంబం రన్‌వే దగ్గర ఎదురుచూస్తోంది. రన్‌వే మీద వేరే విమానం ఉండటంతో టవర్ వాళ్లు ఇంకో చుట్టు తిరగమన్నారు. హాలండ్ టవర్ చుట్టూ పూర్తి రౌండ్ వేస్తానని అడిగాడు. నేలకి 250 అడుగుల ఎత్తులో, అంత పెద్ద విమానాన్ని పక్కకి వంచుతూ వంచుతూ పోయాడు. రెక్కలు నిట్టనిలువుగా అయిపోయాయి. ఇక విమానాన్ని మోసేది ఏమీ లేదు. జారి నేలని గుద్దుకుంది. నలుగురూ చనిపోయారు. మెక్‌గీహన్ భార్య, ఇద్దరు చిన్న కొడుకులు క్వార్టర్స్ పెరట్లో నిలబడి చూస్తున్నారు.

ఆ తర్వాత, హాలండ్‌ని ఆపమంటే ఆపని అధికారి విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేశానని కోర్టు మార్షల్‌లో ఒప్పుకున్నాడు. జరిమానా పడింది. అంతే.

ఈ కథలో నన్ను కుదిపేసేది హాలండ్ కాదు. తనకి తానే మొనగాణ్ణి అనుకునేవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. కుదిపేసేది ఆ మూడేళ్లు. ప్రతిసారీ విమానం క్షేమంగా దిగింది కదా, అందుకే ప్రతిసారీ అది తప్పులాగా కాకుండా టాలెంట్‌లాగా లెక్కలోకి ఎక్కింది. డేంజరస్ పని మొదటిసారే ప్రాణం తీస్తే మనకి బుద్ధొస్తుంది. ఇది మొదటిసారి చప్పట్లు ఇస్తుంది, రెండోసారి ఫ్యాన్స్‌ని ఇస్తుంది. బిల్లు మాత్రం చివర్లో, అందరికీ కలిపి వేస్తుంది.

ఎత్తు అంటే టైమ్

'బాగా నడపడం వచ్చినవాడు కిందుగా వెళ్తే ఏమవుతుంది?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు లెక్కల్లో ఉంది.

ట్రైనింగ్‌లో వాడే చిన్న సెస్నా 172ని తీసుకుందాం. ఇంజన్ ఆగిపోతే అది రాయిలా పడిపోదు, గాల్లో జారుతూ దిగుతుంది. ఒక మీటరు కిందికి దిగేలోపు దాదాపు తొమ్మిది మీటర్లు ముందుకు వెళ్లగలదు. 500 అడుగుల ఎత్తులో ఉంటే పైలట్‌కి సుమారు నలభై సెకన్లు దొరుకుతాయి. ఖాళీ పొలం ఎక్కడుందో చూసుకోవచ్చు, రేడియోలో ఒక మాట చెప్పొచ్చు. అదే 100 అడుగుల్లో ఉంటే? ఎనిమిది సెకన్లు. ఏం జరిగిందో అర్థం కావడానికే సగం అయిపోతుంది.

అందుకే ఎత్తు పైలట్‌కి బ్యాంకు బ్యాలెన్స్ లాంటిది. కష్టకాలంలో ఖర్చుపెట్టుకునేది. కిందుగా వెళ్లడమంటే ఆ బ్యాలెన్స్ మొత్తం తీసేసి రోడ్డు మీద వెదజల్లడం.

ఇక కరెంటు తీగలు. కింద నిలబడి చూసే మనకి తీగ ఆకాశం బ్యాక్‌గ్రౌండ్‌లో నల్లగా కనిపిస్తుంది. పై నుంచి వచ్చేవాడికి వెనకాల చెట్లు, పొలాలు. తీగ కలిసిపోతుంది. అందుకే తక్కువ ఎత్తులో పని చేసే పైలట్లకి 'తీగల్ని వెతకొద్దు, స్తంభాల్ని వెతుకు' అని నేర్పుతారు. పక్షులు కూడా ఎక్కువగా తిరిగేది ఆ ఎత్తులోనే.

వంపు సంగతి ఇంకో రకం. విమానాన్ని 60 డిగ్రీలు వంచి, ఎత్తు తగ్గకుండా తిప్పాలంటే రెక్కలు మామూలుకి రెండింతలు బరువు మొయ్యాలి. ఇంకా వంచితే ఇంకా ఎక్కువ. ఒక దశ దాటితే రెక్క 'నా వల్ల కాదు' అంటుంది. పదివేల అడుగుల్లో ఆ మాట అంటే సరిదిద్దుకోవచ్చు. 250 అడుగుల్లో అంటే వినడానికి కూడా టైమ్ ఉండదు.

మరి రూల్ ఏమంటోంది?

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, పెట్టిన రూల్ సింపుల్‌గా ఇది. కళ్లతో చూసుకుంటూ నడిపే విమానాలు ఊళ్లు, నగరాలు, జనం గుమిగూడిన చోట్ల మీద ఎగిరేటప్పుడు, చుట్టూ 600 మీటర్ల పరిధిలో ఉన్న అన్నిటికంటే ఎత్తైన దానికి కనీసం 1,000 అడుగుల పైన ఉండాలి. మిగతా చోట్ల నేలకైనా నీటికైనా 500 అడుగుల పైన. టేకాఫ్, ల్యాండింగ్‌లకి మినహాయింపు. ప్రత్యేక అనుమతి ఉంటే అది వేరే.

అమెరికా రూల్‌లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ఎక్కడ ఎగిరినా సరే, ఇంజన్ ఆగిపోతే కింద ఉన్న మనుషులకీ ఆస్తులకీ అనవసరమైన ప్రమాదం లేకుండా దిగగలిగేంత ఎత్తులో ఉండాలి అంటుంది. చూశారా, రూల్ పైలట్ గురించి కాదు మాట్లాడేది. కింద బట్టలు ఆరేసుకుంటున్న ఆవిడ గురించి.

మన దగ్గర 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 21వ రూల్ పేరే 'ప్రమాదకరంగా ఎగరడం'. తక్కువ ఎత్తు వల్లగానీ, మనుషులకీ ఇళ్లకీ దగ్గరగా వెళ్లడం వల్లగానీ అనవసరమైన ప్రమాదం తెచ్చిపెట్టకూడదని దాని సారాంశం. 1934 చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మనుషులకో ఆస్తికో ప్రమాదం కలిగేలా విమానం నడిపితే రెండేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

కాబట్టి రూల్స్ లేక కాదు. రూల్ ఉన్నా ఏమవుతుందో ఇటలీలో ఒక చిన్న ఊరికి తెలుసు.

కావలేజే

ఆల్ప్స్ కొండల్లో కావలేజే అనే స్కీయింగ్ ఊరు. 1998 ఫిబ్రవరి 3 మధ్యాహ్నం. కేబుల్ కారులో కొండ మీద నుంచి జనం కిందికి వస్తున్నారు. అమెరికా మెరైన్స్‌కి చెందిన ప్రౌలర్ జెట్ ఒకటి ట్రైనింగ్ ఫ్లైట్‌లో ఆ లోయలోకి వచ్చింది. అక్కడ 2,000 అడుగుల కంటే కిందికి రాకూడదని ఆంక్ష ఉంది. అది వచ్చిన ఎత్తు సుమారు 360 అడుగులు. వేగం గంటకి 870 కిలోమీటర్లు, అంటే సెకనుకి పన్నెండు క్రికెట్ పిచ్‌ల పొడవు. రెక్క కేబుల్‌ని కోసేసింది. కేబుల్ కారు 80 మీటర్లకు పైగా కిందికి పడిపోయింది. లోపలున్న ఇరవై మందీ చనిపోయారు. జెట్ మాత్రం దెబ్బతిన్న రెక్కతోనే బేస్‌కి చేరింది. అందులోని నలుగురికీ ఏమీ కాలేదు.

తర్వాత జరిగింది ఇంకా మండిస్తుంది. నాటో ఒప్పందం ప్రకారం విచారణ అమెరికాలోనే జరిగింది. తన మ్యాపుల్లో ఆ కేబుల్ లేదని, ఎత్తు పరిమితి అంత అని తనకి తెలియదని పైలట్ వాదన. 1999లో మరణాల కేసులో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. కానీ కాక్‌పిట్‌లో ఒక వీడియో కెమెరా ఉంది. దాని టేప్‌ని మాయం చేశారు. సాక్ష్యం నాశనం చేసిన కేసులో పైలట్‌కీ నావిగేటర్‌కీ సర్వీసు నుంచి బర్తరఫ్ పడింది, పైలట్‌కి ఆరు నెలల జైలు కూడా. ఇరవై ప్రాణాలకి ఎవరికీ పడని శిక్ష ఒక టేపుకి పడింది.

ఫెయిర్‌చైల్డ్‌లో చనిపోయినవాళ్లు విమానంలో ఉన్నవాళ్లు. కావలేజేలో విమానంతో ఏ సంబంధమూ లేనివాళ్లు. తక్కువ ఎత్తులో ఎగరడం 'నా ప్రాణం, నా ఇష్టం' కథ కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మరి ఎయిర్ షోల సంగతి?

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. నేవీ డే సందర్భంగా వైజాగ్ ఆర్కే బీచ్‌లో జరిగిన విన్యాసాలు చూసే ఉంటారు. విమానాలు, హెలికాప్టర్లు కిందుగానే వస్తాయి. అది నిర్లక్ష్యం కాదు. ముందే అనుమతి, రాసి పెట్టుకున్న రూటు, ఎన్నో రిహార్సల్స్, జనానికి దూరం, అన్నీ ఉంటాయి.

అంత జాగ్రత్తలోనూ ప్రమాదం ఎంత దగ్గరగా ఉంటుందో హైదరాబాద్ చూసింది. 2010 మార్చి 3న బేగంపేట ఎయిర్ షోలో నేవీ 'సాగర్ పవన్' టీమ్ విమానం ఒకటి న్యూ బోయిన్‌పల్లిలో ఒక బిల్డింగ్ మీద కూలింది. ఇద్దరు నేవీ పైలట్లు చనిపోయారు. వాళ్లు ఆషామాషీగా ఎగిరినవాళ్లు కాదు, ఆ పనిలో ఆరితేరినవాళ్లు. నేను దీన్ని ఇక్కడ చెప్పేది వాళ్లని తప్పుపట్టడానికి కాదు. నిపుణులు, ప్రాక్టీసు, పర్మిషన్ అన్నీ ఉన్నప్పుడే ఇలా జరిగే అవకాశం ఉంటే, ఇవేవీ లేకుండా సరదాకి చేసేవాడి చేతిలో కింద ఉన్నవాళ్ల గతేంటి అని అడగడానికి.

మన చేతిలో ఉన్నది

'మేమేం పైలట్లమా, ఇదంతా మాకెందుకు' అంటారా? రెండు విషయాలు.

ఒకటి, డ్రోన్. పెళ్లి వీడియోల నుంచి పొలానికి మందు కొట్టడం దాకా ఇప్పుడు అన్నిటికీ డ్రోనే. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరెయ్యొచ్చు. ఎయిర్‌పోర్టుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగుల దాకానే. ఇప్పుడు పైన చెప్పిన 500 అడుగుల గీతని గుర్తు తెచ్చుకోండి. విమానం 500కి పైన, డ్రోన్ 400కి కింద. మధ్యలో వంద అడుగుల ఖాళీ. పైవాడు సరదాకి కిందికి దిగినా, కిందివాడు షాట్ కోసం పైకి లేపినా ఆ ఖాళీ పోతుంది. అంటే ఆ గీతకి ఒక వైపు కాపలా ఇప్పటికే మన చేతిలో ఉంది.

రెండు, చప్పట్లు. ఈమధ్య మన పిల్లలు పైలట్ ట్రైనింగ్‌కి బాగానే వెళ్తున్నారు. మీ ఫ్రెండో, కజినో సోలో ఫ్లయింగ్‌కి వచ్చాడనుకోండి. 'మా ఇంటి మీద నుంచి ఒక రౌండ్ వెయ్యిరా బావా, వీడియో తీస్తా' అనాలనిపిస్తుంది. అనొద్దు. ఇరవయ్యేళ్ల వయసులో స్నేహితుడి మాట రూల్ బుక్ కంటే గట్టిగా వినిపిస్తుంది. వాడే వీడియో పంపితే హార్ట్ పెట్టకుండా ఫోన్ చెయ్యండి. 'ఎంత ఎత్తులో ఉన్నావురా?' అని ఒక్క ప్రశ్న చాలు. వాడికి కోపమొచ్చినా ఫర్వాలేదు. రెండోసారి కూడా చేస్తే వాళ్ల ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి. అది చాడీ చెప్పడం కాదు. ఫెయిర్‌చైల్డ్‌లో మూడేళ్లు అందరూ నోటిమాటలతో సరిపెట్టారు. ఎవరైనా ఒకరు, ఒక్కసారి, కాగితం మీద పెట్టి ఉంటే నలుగురు బతికేవాళ్లేమో.

కేబుల్ బ్రిడ్జి మీద బైక్ వీలీ చేసేవాడికీ, అర్ధరాత్రి ఔటర్ మీద స్పీడోమీటర్‌ని షూట్ చేసేవాడికీ ఇదే వర్తిస్తుంది. వాళ్లందరికీ కావాల్సింది ఒకటే, చూసేవాళ్లు. చూసేవాళ్లం మనమే.

మెక్‌గీహన్ గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తా. ఆ బేస్‌లో రూల్ తెలిసినవాళ్లు వందలమంది ఉన్నారు. పై అధికారి గదికి వెళ్లి 'ఈయన్ని ఆపండి' అని అడిగినవాడు ఆయన. ఆ రోజు ఆ గదిలో ఆయన మాటకి విలువ ఇచ్చి ఉంటే ఆ చిన్న పిల్లలిద్దరికీ నాన్న ఉండేవాడు. మీ చుట్టూ ఉన్నవాళ్లలో 'ఇది కరెక్ట్ కాదు' అని అడ్డుపడేవాడు ఒకడుంటే, వాణ్ణి బోర్ గాడు అని నవ్వకండి. వాడి పక్కన నిలబడండి.